గుండె ఆపరేషన్‌కి మద్రాసు వచ్చిన బిడ్డలు

చాలా రోజుల తర్వాత మళ్ళీ పొడుగాటి పోస్టు. కాస్త ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

పోయిన నెల కార్యవర్గ సమావేశం ముగిసి కాఫీలు తాగుతుంటే ఒక మాట వచ్చింది. 2024 జనవరి ఆఖర్లో మన ఊళ్ళోనే, ఎం.జి.ఎం. హెల్త్‌కేర్‌లో, కరాచీ నుంచి వచ్చిన 19 ఏళ్ళ అమ్మాయికి గుండె మార్చారు. పేపర్లన్నీ రాశాయి. మనలో ఒకరు ఆ సంగతి ఎత్తి, "మన పిల్లలే వరసలో నిలబడి ఉంటే వాళ్ళకెందుకండీ?" అన్నారు. అన్నవారు చెడ్డమనిషి కాదు. సంఘం తరఫున ఏ పిల్లవాడికి ఫీజు కట్టాలన్నా ముందు జేబులో చెయ్యి పెట్టేది ఆయనే. ఇద్దరు ముగ్గురు తలూపారు. మేం ఏదో సర్దిచెప్పబోయి, సరైన జవాబు దొరక్క కాఫీ గ్లాసు కింద పెట్టి లేచాం. ఇంటికొచ్చాక తోచిన జవాబు ఇది. కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి.

ముందు ఆ అమ్మాయి సంగతే. 2019లో మొదటిసారి చెన్నై వచ్చినప్పుడు గుండె బాగా బలహీనపడి ఉంది. గుండెకు సాయంగా ఒక పంపు అమర్చి పంపారు. తర్వాత ఆ పంపులో లోపం వచ్చింది. మళ్ళీ వచ్చింది. ఇక గుండె మార్చడం తప్ప దారి లేకపోయింది. ఢిల్లీలో బ్రెయిన్ డెడ్ అయిన 69 ఏళ్ళ దాత గుండె వచ్చింది. డాక్టర్ కె.ఆర్. బాలకృష్ణన్ బృందం ఆపరేషన్ చేసింది. తల్లి చేతిలో డబ్బు లేదు. ఐశ్వర్యం ట్రస్టు, ఆస్పత్రి డాక్టర్లు, పాత పేషెంట్లు కలిసి ఖర్చు చూసుకున్నారు. ఇక్కడ రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. దానంగా వచ్చిన గుండె విదేశీయులకు ఇవ్వాలంటే, మన దేశంలో దానికి సరిపోయేవాళ్ళు ఎవరూ లేరని తేలాలి. అది నిబంధన. పైగా 69 ఏళ్ళ గుండె అంటే తీసుకోవడానికి మామూలుగా వెనకాడతారు. కాబట్టి ఎవరి విస్తట్లోంచీ లాక్కున్న ముద్ద కాదది.

ఈ లెక్క చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ ప్రశ్నలో ఇంకో సంగతి ఉంది. "వాళ్ళకెందుకు" అన్న మాట ఒకప్పుడు ఈ ఊళ్ళో మన గురించి కూడా అనదగ్గదే. 1952 డిసెంబరు 15న మైలాపూరులో పొట్టి శ్రీరాములుగారు ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, రాజధాని కర్నూలుకు పోయింది, మద్రాసు మనది కాకుండా పోయింది. సచివాలయం ఫైళ్ళు లారీలెక్కి వెళ్ళిపోయాయి. రోగులు మాత్రం వెళ్ళలేదు. నెల్లూరు, గూడూరు, కావలి, ఒంగోలు, ఇటు చిత్తూరు, పుత్తూరు, తిరుపతి నుంచి రైళ్ళలో, బస్సుల్లో వస్తూనే ఉన్నారు. పెద్ద జబ్బయితే మద్రాసు, ఇంకా పెద్దదైతే వెల్లూరు. మన ఊళ్ళలో పామరుడికి కూడా తెలిసిన దారి అది. ఎవరూ వాళ్ళని "మీ రాజధానికి పోండి" అనలేదు.

వెల్లూరు అన్నాం కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడదాం. ఐడా స్కడర్ దొరసాని కథ మనలో చాలామంది బడిలో చదివిందే. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు భర్తలు వేర్వేరుగా వచ్చి, ప్రసవం కాక విలవిల్లాడుతున్న భార్యల కోసం తలుపు తట్టారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముసల్మాను, మూడోవారు మరో హిందువు. డాక్టరైన తండ్రిని పంపుతానంటే ముగ్గురూ ఒప్పుకోలేదు, మగ డాక్టరు మా ఆడవాళ్ళని ముట్టుకోకూడదని. ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆ అమ్మాయి అమెరికా వెళ్ళి డాక్టరు చదివి వచ్చి, 1900లో వెల్లూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. మందు లేక పోయిన ప్రాణాలు కావవి. వైద్యుడు ఇంట్లోనే ఉన్నాడు, గడప మాత్రం దాటలేకపోయాడు. ఈ పోస్టులో చెప్పబోయే కథలన్నిట్లోనూ ఇలాంటి గడప ఒకటి ఎక్కడో అక్కడ తగులుతుంది.

1948లో రీవ్ బెట్స్ అనే అమెరికన్ సర్జన్ అదే వెల్లూరికి వచ్చారు. ఛాతీ శస్త్రచికిత్స విభాగం పెట్టి మనవాళ్ళకు నేర్పారు. 1961లో అక్కడ ఓపెన్ హార్ట్ ఆపరేషన్ విజయవంతంగా జరిగింది, దేశంలో తొలి వరసలో. ఆ రోజుల్లో పిల్లల గుండెలను ఎక్కువగా పాడుచేసింది కీళ్ళవాతపు జ్వరం. గొంతునొప్పితో మొదలై, కీళ్ళు వాచి, చివరికి గుండె కవాటం బిగుసుకుపోయేది. పేదల ఇళ్ళలో, ఇరుకు గదుల్లో ఎక్కువ. వెల్లూరులో డాక్టర్ స్టాన్లీ జాన్ బృందం ఆ కవాటాన్ని విప్పే ఆపరేషన్ వరసగా 3724 మందికి చేసి, ఫలితాలను 1983లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో ప్రచురించింది. చిత్తూరు జిల్లా పక్కనే ఉన్న ఊరు కదా, ఆ వార్డుల్లో తెలుగు మాట వినపడని రోజు ఉండి ఉండదు.

అసలు ఈ పిల్లల జబ్బేమిటో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇప్పటికీ మన ఇళ్ళలో దీని చుట్టూ సగం తెలిసిన మాటలే తిరుగుతున్నాయి. పుట్టే ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 8, 9 మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. మన దేశంలో ఏటా 2 లక్షల మందికి పైనే అని అంచనా. కొందరికి గదుల మధ్య గోడలో చిల్లు. కొందరికి పుట్టగానే మూసుకుపోవాల్సిన నాళం మూసుకోదు. మరికొందరికి ఊపిరితిత్తులకు వెళ్ళే దారి ఇరుకై, చెడ్డ రక్తం మంచి రక్తంలో కలిసి పెదవులు, గోళ్ళు నీలంగా మారతాయి. అలాంటి పిల్లలు ఆడుకుంటూ ఆడుకుంటూ ఆయాసం వచ్చి టక్కున గొంతుకూర్చుంటారు. అలా కూర్చుంటే వాళ్ళకు ప్రాణం తేలికపడుతుంది. చూసేవాళ్ళు "బద్ధకం, పరిగెత్తడు" అనుకుంటారు. పాలు తాగుతూ తాగుతూ చంటిబిడ్డ నుదురు చెమటతో తడిసిపోతుంటే అదీ ఒక గుర్తే.

"పెద్దయితే అదే పూడుకుపోతుంది" అన్న మాట పూర్తిగా అబద్ధం కాదు, అదే ప్రమాదం. చిన్న చిల్లులు కొన్ని నిజంగానే పూడుకుంటాయి. పెద్ద చిల్లు పూడదు. ఆ చిల్లులోంచి రక్తం ఊపిరితిత్తుల్లోకి ఎక్కువెక్కువగా పారి, అక్కడి నాళాలు గట్టిపడిపోతాయి. ఒక హద్దు దాటాక చిల్లు మూస్తే మేలు బదులు కీడే జరుగుతుంది. అప్పుడు ఎంత పెద్ద సర్జనైనా చేతులు కట్టుకోవాల్సిందే. మేం ఎరిగిన ఒక కుటుంబం మొక్కులు తీర్చి, తాయెత్తులు కట్టి, పొలం అమ్మి డబ్బు కూడగట్టుకుని వచ్చేసరికి పిల్లకు తొమ్మిదేళ్ళు. డాక్టరుగారు ఎకో చూసి ఫైలు మూసేశారు. డబ్బు సంచి అలాగే తల్లి ఒళ్ళో ఉంది. ఆలస్యమైతే ఏమవుతుందో మాకు ఆ రోజు తెలిసింది.

ఇక్కడే ఒక చేదు మాట. మేనరికాల్లో పుట్టిన పిల్లల్లో ఈ గుండె లోపాలు కొంత ఎక్కువగా కనిపిస్తున్నాయని దక్షిణాదిలో జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. మన సంఘం పెళ్ళి సంబంధాల పుస్తకంలో "మేనరికం కుదిరితే మంచిది" అని ఇంకా రాయిస్తున్నవారు ఉన్నారు. సంఘం ఆ గీత కొట్టేయాలని మా అభిప్రాయం. కోపం వచ్చినవారు మమ్మల్ని నేరుగా తిట్టండి.

సరే, మళ్ళీ చరిత్రలోకి. నీలం బిడ్డలకు ఆపరేషన్ అనేదే ఎలా మొదలైందో తెలుసా? 1944 నవంబరు 29, అమెరికాలో బాల్టిమోర్ నగరం, జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రి. ఆలోచన హెలెన్ టౌసిగ్ అనే డాక్టరమ్మది. ఆమెకు చెవులు సరిగా వినపడవు, పిల్లల ఛాతీ మీద చెయ్యి ఆనించి గుండె చప్పుడు కనిపెట్టేది. కత్తి పట్టింది ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్. ఆయన వెనక ఎత్తుపీట మీద నిలబడి "అటు కాదు, ఇటు" అని చెప్పింది వివియన్ థామస్ అనే నల్లజాతి సహాయకుడు. కుక్కల మీద ఈ ఆపరేషన్ చేసి చేసి పద్ధతి పట్టుకున్నది అతనే. డాక్టరు పట్టా లేదు. అదే ఊళ్ళో అతని రంగువాళ్ళకు చాలా తలుపులు మూసే ఉండేవి. 1976లో గానీ ఆ విశ్వవిద్యాలయం అతనికి గౌరవ డాక్టరేటు ఇవ్వలేదు.

ఇంకో పదేళ్ళకు, 1954లో, మినసోటాలో వాల్టన్ లిల్లెహై పిల్లల గుండె తెరిచి చిల్లు మూసేటప్పుడు, పక్క బల్ల మీద తండ్రినో తల్లినో పడుకోబెట్టి, వాళ్ళ గుండెతోనే బిడ్డ ఒంట్లో రక్తం తిప్పించారు. గుండె పని చేసే యంత్రం ఇంకా సరిగా కుదరని కాలమది. 45 మందికి అలా చేశారు. బిడ్డకు రక్తం ఇవ్వడానికి భయపడే నాన్నలకు మేం ఈ సంగతి చాలాసార్లు చెప్పాం. కొందరు నమ్మేవాళ్ళు కాదు.

మద్రాసుకు వస్తే పేరు చెప్పాల్సింది పెరంబూరు. రైల్వే ఉద్యోగుల కోసం కట్టిన ఆస్పత్రి దేశమంతా తెలిసింది గుండె ఆపరేషన్లతోనే. 1975లో డాక్టర్ కె.ఎం. చెరియన్ దేశంలో మొదటి కరోనరీ బైపాస్ అక్కడే చేశారు. ఆయనది కేరళలోని కాయంకుళం. 1970లో వెల్లూరులో లెక్చరరుగా ఉద్యోగం మొదలుపెట్టి, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, అమెరికాలలో నేర్చుకుని వచ్చారు. అమెరికాలో జాన్ కిర్క్‌లిన్ దగ్గర ప్రత్యేకంగా పిల్లల గుండె శస్త్రచికిత్సే నేర్చుకున్నారు. ఆ రోజుల్లో మన ఊళ్ళలో రైల్వేలో పనిచేసే మేనమామ ఉన్న కుటుంబానికి ఉన్న విలువ ఇప్పుడు అమెరికా అల్లుడికి కూడా లేదు! "పెరంబూరులో తెలిసినవాళ్ళున్నారా" అన్న ప్రశ్నతో ఎన్ని ఇన్‌లాండు కవర్లు వచ్చేవో.

1987లో చెరియన్‌గారు మద్రాస్ మెడికల్ మిషన్ హృద్రోగ సంస్థను ప్రారంభించారు. అది తర్వాత మొగప్పేర్‌లో స్థిరపడింది. మలయాళీ ఆర్థడాక్సు క్రైస్తవుల చొరవతో పుట్టిన సంస్థ. అక్కడ ఆయనతో కలిసి పిల్లల గుండెలు బాగుచేసిన సర్జన్లలో మన డాక్టర్ కె.ఎస్. మూర్తిగారు ఒకరు. తర్వాత హైదరాబాదు వెళ్ళి అక్కడ పిల్లల గుండె శస్త్రచికిత్సకు పెద్ద పేరు తెచ్చారు. అంటే మలయాళీ సంస్థలో పదునెక్కిన చెయ్యి తెలుగు పిల్లలకు పనికొచ్చింది. రెండో వైపూ చూడాలి. వడపళనిలో విజయా హాస్పిటల్ 1972లో కట్టింది బి. నాగిరెడ్డిగారు. మాయాబజార్ తీసిన చేతులవి. గ్రీమ్స్ రోడ్డు దగ్గర అపోలో 1983 సెప్టెంబరు 18న తెరిచింది చిత్తూరు జిల్లా అరగొండకు చెందిన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డిగారు. 1979లో ఆయన పేషెంటు ఒకరు, ఇంకా నలభై కూడా నిండనివాడు, గుండె ఆపరేషన్‌కి అమెరికా వెళ్ళడానికి డబ్బు కూడక చనిపోయాడు. ఆ బాధే ఆస్పత్రి కట్టించిందని ఆయనే చాలాచోట్ల చెప్పారు. 2003లో పిల్లల కోసం 'సాచి' పేరుతో ఒక సేవా కార్యక్రమం కూడా అపోలో మొదలుపెట్టింది. తెలుగువాడు కట్టిన ఆస్పత్రుల్లో బాగుపడిన తమిళ పిల్లల్ని, బెంగాలీ పిల్లల్ని లెక్కపెట్టడం ఎవరి తరం? గ్రీమ్స్ రోడ్డు సందుల్లో లాడ్జీల బోర్డులు ఈ రోజు కూడా బెంగాలీలో ఉంటాయి, వెళ్ళి చూడండి.

అంతకుముందు నుంచే మనవాళ్ళకు ఈ ఊళ్ళో ఒక వరవడి ఉంది. 1937లో దుర్గాబాయమ్మగారు పెట్టిన ఆంధ్ర మహిళా సభ పేరులో ఆంధ్ర ఉంది గానీ, అడయారులో పోలియో పిల్లల కాళ్ళు సరిచేసేచోట భాష అడిగి చేర్చుకోలేదు.

ఇక మేం స్వయంగా చూసినది. 80ల చివర, 90లలో సంఘంలో కుర్రవాళ్ళుగా ఉన్న మాకు రెండు పనులు ఉండేవి. ఒకటి రక్తం, రెండోది మాట.

రక్తం సంగతి ఇప్పటివాళ్ళకు అంత తెలియదు. ఆపరేషన్‌కి ఎంత రక్తం వాడతారో దానికి బదులు దాతల్ని బంధువులే తీసుకురావాలి. ఊళ్ళో ఉన్నవాడికి పదిమంది దొరుకుతారు. కావలి నుంచి వచ్చిన రైతు, పక్కన భార్య, ఒళ్ళో బిడ్డ, ఆయన ఎవర్ని తెస్తాడు? పిల్లల ఆపరేషన్లకు అదే ఉదయం తీసిన తాజా రక్తం కూడా అడిగేవాళ్ళు. మేం ముందు రాత్రే హాస్టళ్ళకు వెళ్ళి కుర్రాళ్ళను లేపి ఉంచేవాళ్ళం. తెలుగు కుర్రాళ్ళు చాలకపోతే ఎవరైనా సరే. షావుకారుపేట బట్టల కొట్లో పనిచేసే మార్వాడీ అబ్బాయి ఒకడు మూడుసార్లు వచ్చాడు. ట్రిప్లికేన్ నుంచి ఉర్దూ మాట్లాడే అన్నదమ్ములిద్దరు రంజాను నెలలో కూడా వస్తామంటే మేమే ఆపి, పండగ అయ్యాక రమ్మన్నాం. ఎవరి రక్తం ఎవరి బిడ్డలోకి వెళ్ళిందో ఆ బిడ్డల తల్లిదండ్రులకు తెలియదు. ఒకాయన మాత్రం అడిగాడు, "రక్తం ఇచ్చినవాళ్ళు మనవాళ్ళేనా" అని. "ఔను" అన్నాం. అబద్ధమా నిజమా అని ఇప్పటికీ తేల్చుకోలేదు.

మాట సంగతి ఇంకా చిత్రం. ఒక ఆస్పత్రిలో, పేరు వద్దు, ఆపరేషన్‌కి ముందు రాత్రి నర్సమ్మ తల్లికి తమిళంలో చెప్పింది, బిడ్డకు "సాప్పాడు కుడుక్కాదీంగ" అని. ఏమీ తినిపించకండి అని ఆమె ఉద్దేశం. మన తల్లికి "సాపాటు" ఒక్కటే అర్థమైంది. సాపాటంటే భోజనం. అన్నం పెట్టకూడదన్నమాట, అనుకుంది. తెల్లారుజామున బిడ్డ ఏడిస్తే పాలల్లో రెండు బిస్కట్లు ముంచి పెట్టింది. మత్తు ఇచ్చే డాక్టరు సంగతి తెలుసుకుని ఆపరేషన్ ఆపేశారు. ఆపకపోతే కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికొచ్చేది, ఆయన చేసింది సరైనదే. కానీ మళ్ళీ వంతు రావడానికి రెండు వారాలు పట్టింది. తెచ్చుకున్న డబ్బు లాడ్జి అద్దెకు కరిగిపోయింది. ఆ తల్లి వార్డు బయట కూర్చుని తలమీద కొట్టుకుంటుంటే ఓదార్చడానికి పక్కనున్న తమిళ ఆడవాళ్ళకు మాట లేదు. ఒకావిడ మల్లెపూల దండలోంచి మూర తుంచి ఈమె జడలో పెట్టింది.

అప్పటినుంచి మేం వంతులు వేసుకున్నాం. ఆపరేషన్ ముందురోజు సాయంత్రం తెలుగు వచ్చినవాళ్ళు ఒకరు వెళ్ళి, నర్సు చెప్పిన ప్రతి మాటా తల్లికి చెప్పి, తల్లి చేత తిరిగి చెప్పించుకుని రావాలి. "అర్థమైందా" అంటే ఎవరైనా అర్థమైందనే అంటారు. తిరిగి చెప్పించుకుంటేనే బయటపడుతుంది. మలయాళీ నర్సమ్మలు కొందరు మా దగ్గర పది తెలుగు మాటలు కాగితం మీద మలయాళ లిపిలో రాసుకున్నారు. నొప్పి, ఆయాసం, పాలు, నీళ్ళు, పడుకో, దగ్గు. ఆపరేషన్ అయ్యాక పిల్లల చేత గట్టిగా దగ్గించడం చాలా ముఖ్యం, ఊపిరితిత్తులు తెరుచుకోవాలి. "తగ్గు తగ్గు" అని ఒక నర్సమ్మ అంటుంటే, బిడ్డ ఏం తగ్గాలో తెలియక బిక్కమొహం వేయడం మాకు గుర్తే.

2000 తర్వాత రోజులు మారాయి. 2003 జులైలో, రెండు దేశాల మధ్య ఆగిపోయిన లాహోరు బస్సు మళ్ళీ నడిచినప్పుడు, అందులో గుండెలో చిల్లున్న రెండున్నరేళ్ళ పాప వచ్చింది. బెంగుళూరు నారాయణ హృదయాలయలో ఆపరేషన్ జరిగింది. దేశమంతా ఆ పాప కోసం మొక్కుకుంది. అప్పుడు మన సంఘంలో ఎవరూ "వాళ్ళకెందుకు" అనలేదని మాకు బాగా జ్ఞాపకం. పైగా ఇద్దరు చెక్కులు పంపారు. ఇలాంటివి అంతకు చాలా ముందే మొదలయ్యాయి. 1975లో న్యూయార్కు దగ్గర మాన్‌హాసెట్ రోటరీ క్లబ్బువాళ్ళు ఉగాండా నుంచి అయిదేళ్ళ పాపను రప్పించి ఆపరేషన్ చేయించారు. 'గిఫ్ట్ ఆఫ్ లైఫ్' అలా పుట్టింది, దేశదేశాల రోటరీ క్లబ్బులకు పాకింది. మన విజయవాడకే ఇంగ్లండులోని లెస్టర్ నుంచి 'హీలింగ్ లిటిల్ హార్ట్స్' డాక్టర్లు, నర్సులు తమ సెలవులు వాడుకుని వచ్చి, ఆంధ్రా హాస్పిటల్స్‌లో మన పిల్లలకు ఆపరేషన్లు చేసి వెళ్తున్నారు. ఆ పనికి వెన్నుదన్నుగా నిలిచిన నటుడు మహేశ్ బాబు పుట్టింది మన మద్రాసులోనే, ఇది మనం కాస్త గర్వంగా చెప్పుకోవచ్చు.

2008 సెప్టెంబరు 20 సంగతి మీలో చాలామందికి తెలుసు. తిరుక్కళుకుండ్రం డాక్టర్ దంపతుల కొడుకు, పదిహేనేళ్ళవాడు, బైకు ప్రమాదంలో బ్రెయిన్ డెడ్ అయ్యాడు. తల్లిదండ్రులు అవయవాలన్నీ ఇచ్చేశారు. గుండె అపోలో నుంచి మొగప్పేర్‌లో చెరియన్‌గారి ఫ్రాంటియర్ లైఫ్‌లైన్‌కి వెళ్ళాలి. పోలీసులు దారంతా ఖాళీ చేయించారు, ముప్పావు గంట దారి 11 నిమిషాల్లో దాటింది. ఆ గుండె అందుకున్నది బెంగుళూరు నుంచి వచ్చిన తొమ్మిదేళ్ళ పాప. కావేరి నీళ్ళ కోసం రెండు రాష్ట్రాలు కొట్టుకునే కాలమే అది. తమిళనాడు అవయవదాన వ్యవస్థ గట్టిగా నిలబడింది ఆ ఏడే.

ప్రభుత్వాలూ ముందుకొచ్చాయి. ఆంధ్రలో 2007లో ఆరోగ్యశ్రీ మొదలు కాకముందే పిల్లల గుండె ఆపరేషన్లకు విడిగా సాయం ఇచ్చారు. 2013 నుంచి కేంద్ర పథకం కింద బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లల్ని పరీక్షిస్తున్నారు. 2021 అక్టోబరులో తిరుపతిలో తి.తి.దే. పద్మావతి పిల్లల గుండె ఆస్పత్రి తెరిచింది. పుట్టపర్తిలో 1991 నుంచే ఉచితంగా చేస్తున్నారు. ఇప్పుడు నెల్లూరు బిడ్డ మద్రాసు రావాల్సిన పని చాలావరకు తప్పింది. మంచిదే. అయినా వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు, కార్డు పట్టుకుని. రాష్ట్రం హద్దు దాటితే ఆ కార్డు చెల్లుతుందా లేదా అన్నది చాలా ఏళ్ళు పెద్ద తలనొప్పి. 2019 నవంబరు 1 నుంచి చెన్నై, బెంగుళూరు, హైదరాబాదులోని కొన్ని ఆస్పత్రుల్లో ఆంధ్ర ఆరోగ్యశ్రీ పనిచేసేలా చేశారు. దానికి ముందు, కౌంటరు దగ్గర "ఇది వేరే స్టేట్ కార్డు" అన్న మాట విని వెనక్కి తిరిగిన తండ్రులతో పాటు మేమూ మెట్లు దిగాం. మన సమావేశంలో వచ్చిన ప్రశ్నకూ ఆ కౌంటరు మాటకూ మాకు పెద్ద తేడా కనపడలేదు. అందుకే ఆ రోజు గొంతులో కాఫీ దిగలేదు.

ఇది రాయడానికి కూర్చునే ముందు బీరువాలోంచి పాత రక్తదాతల పుస్తకం తీశాం. నల్ల అట్ట, చెదలు కొంచెం కొట్టింది. గడులు గీసి ఉన్నాయి: తేదీ, దాత పేరు, గ్రూపు, బిడ్డ ఊరు. బిడ్డ ఊరు గడిలో వరసగా గూడూరు, కావలి, సూళ్ళూరుపేట, కందుకూరు, పలమనేరు. 1994 పేజీలో మధ్యలో ఒక చోట "ధుబ్రి, అస్సాం" అని ఉంది. దాత పేరు చూస్తే, ఆ రోజు సమావేశంలో ప్రశ్న వేసిన పెద్దాయనే. ఓ పాజిటివ్. ఫోన్ చేసి అడిగాం. ఆయనకు ఎంతసేపటికీ గుర్తు రాలేదు. తర్వాత తానే ఫోన్ చేసి, "బ్లడ్ బ్యాంకు దగ్గర మనవాళ్ళ కోసం వెళ్ళాం, ఆ రోజు వాళ్ళ ఆపరేషన్ వాయిదా పడింది. పక్కన ఒకాయన ఏడుస్తూ నిలబడ్డాడు. ఆయన భాష ఏమిటో తెలియలేదు. ఎలాగూ వచ్చాం కదా అని ఇచ్చేశా" అన్నారు. ఆ బిడ్డ ఏమయ్యాడో పుస్తకంలో లేదు.